అల్లాన్ కేసు: రద్దు చెయ్యకుండా పక్కన పెట్టిన నిర్బంధం

మహమ్మద్ అల్లాన్ మన వృత్తివాడే. వెస్ట్‌బ్యాంక్‌లో నాబ్లస్ దగ్గర ఐనబూస్ అనే ఊరు, అక్కడి వకీలు. 2014 నవంబరులో ఇజ్రాయెల్ సైన్యం పట్టుకెళ్లింది. చార్జిషీటు లేదు, ఆరు నెలల నిర్బంధ ఉత్తర్వు ఒకటి చేతికిచ్చారు. 2015 మే నెలలో ఆ గడువు తీరేసరికి ఇంకో ఆరు నెలలకు ఇంకో ఉత్తర్వు తయారుగా ఉంది. జూన్ మధ్యలో అతను తిండి మానేశాడు. ఆగస్టు 14న స్పృహ తప్పితే వెంటిలేటర్ పెట్టారు. ఆగస్టు 19న ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు నిర్బంధాన్ని సస్పెండ్ చేసింది. కాస్త కోలుకుని సెప్టెంబరు 16న ఆసుపత్రి నుంచి బయటికొస్తుంటే మళ్లీ అరెస్టు చేశారు. నవంబరు తొలి వారంలో వదిలేశారు.

పైకి చూస్తే గెలిచిన కేసు. ముందస్తు నిర్బంధం మీద రిట్లు వేసే జూనియర్లకు నేను దీన్నే చదవమంటాను, ఎందుకంటే గెలుపులో ఏం పోయిందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. పాలస్తీనా ఖైదీల ప్రస్తావన వస్తే మనవాళ్లు మొదట అడిగేది, అక్కడ కోర్టులు లేవా అని. ఉన్నాయి. ఒకటి కాదు, మూడంచెలున్నాయి. ఉత్తర్వును ఎనిమిది రోజుల్లోపు సైనిక జడ్జి చూడాలి. దాని మీద సైనిక అప్పీలు కోర్టు. ఆ పైన జెరూసలేంలో సుప్రీంకోర్టుకి రిట్. ఇన్ని మెట్లు ఎక్కి దిగాక కూడా మనిషి తన ప్రాణాన్ని సాక్ష్యంగా పెట్టాల్సి వచ్చిందంటే లోపం ఎక్కడుందో వెతకాలి.

చట్టం మూలం

ఈ అధికారం బ్రిటిష్‌వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. పాలస్తీనా తమ చేతిలో ఉన్నప్పుడు 1945లో డిఫెన్స్ (ఎమర్జెన్సీ) రెగ్యులేషన్స్ తెచ్చారు. 111వ నిబంధన కింద ఎవరినైనా విచారణ లేకుండా బంధించొచ్చు. అప్పట్లో దాని దెబ్బ ఎక్కువగా తగిలింది సాయుధ యూదు సంస్థలకే. 1946లో యూదు న్యాయవాదులు సభ పెట్టి మరీ దీన్ని ఖండించారు. యాకోవ్ షిమ్షోన్ షపీరా అయితే నాజీ జర్మనీలో కూడా ఇలాంటి చట్టాలు లేవన్నాడు. తర్వాత ఆయనే ఇజ్రాయెల్‌కి అటార్నీ జనరల్ అయ్యాడు, న్యాయశాఖ మంత్రి కూడా అయ్యాడు. ఆ నిబంధనలు మాత్రం పోలేదు.

ఇజ్రాయెల్ తన సొంత భూభాగం కోసం 1979లో వేరే చట్టం చేసుకుంది. వెస్ట్‌బ్యాంక్‌లో నడిచేది సైనిక ఉత్తర్వు, ఇప్పుడు దాని నంబరు 1651. గరిష్ఠంగా ఆరు నెలలు అని ఉంటుంది కానీ ఎన్నిసార్లు పొడిగించొచ్చో పరిమితి లేదు. తేడా అంతా అక్కడుంది. మన పీడీ యాక్టులో (ముందస్తు నిర్బంధ చట్టం) ఎంత దారుణమైన కేసైనా పన్నెండు నెలలకి తలుపు తెరవాలి. అక్కడి డిటెన్యూకి, అంటే నిర్బంధంలో ఉన్నవాడికి, విడుదల తేదీ అంటూ ఉండదు. ఆరో నెల చివరి రోజున బట్టలు సర్దుకుని కూర్చున్నవాడికి కొత్త కాగితం ఇవ్వడం అక్కడ మామూలు.

నాలుగో జెనీవా ఒప్పందం 78వ అధికరణం ఆక్రమిత ప్రాంతంలో భద్రత కోసం నిర్బంధాన్ని పూర్తిగా నిషేధించదు. తప్పనిసరి అయితేనే చెయ్యమంటుంది, క్రమం తప్పకుండా సమీక్షించమంటుంది. ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆధారపడేది దీని మీదే: ఇది శిక్ష కాదు, రాబోయే దాడిని ఆపడం, ఇన్‌ఫార్మర్ పేరు బయటపడితే అతని ప్రాణం పోతుంది కాబట్టి సాక్ష్యం రహస్యంగా ఉంచాలి. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. మన గవర్నమెంటు ప్లీడర్లు కూడా ఇదే చెప్తారు, మన రాజ్యాంగంలో 22(6) అధికరణం అలాంటి రహస్యానికి చోటిచ్చింది కూడా.

ఫైలు

మన హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే రిట్) వేసేటప్పుడు మొదట తిరగేసేది కాగితాలు. గ్రౌండ్స్, అంటే నిర్బంధానికి కారణాలు, డిటెన్యూకి తెలిసిన భాషలో ఇచ్చారా? ఉర్దూ తప్ప చదవలేనివాడికి ఇంగ్లీషు ఎఫ్ఐఆర్ అంటగట్టారా? జిరాక్సులో ఏ పేజీ అయినా నల్లగా పడి అక్షరాలు కనిపించకుండా ఉందా? బెయిలు ఉత్తర్వు కాపీ కలిపారా, దాచారా? అతని అర్జీ ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు మూలిగింది? మసకబారిన ఒక్క పేజీ మీద నిర్బంధ ఉత్తర్వులు కొట్టుడుపోతాయి. 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులకి పీడీ యాక్టు వాడకం మీద గట్టిగా చీవాట్లు పెట్టింది, అది కూడా గ్రౌండ్స్‌ని విప్పి చదవగలిగింది కాబట్టే.

మన వ్యవస్థ గొప్పదని చెప్పడానికి కాదు ఇదంతా. నిర్బంధాన్ని సమీక్షించే అడ్వైజరీ బోర్డు ముందు డిటెన్యూకి వకీలు ఉండే హక్కు లేదని రాసుకున్నది మన రాజ్యాంగంలోనే. నేను చెప్పేదల్లా పట్టుకోడానికి ఏదో ఒక కొస మన చేతికి దొరుకుతుందని.

అల్లాన్ లాంటి కేసులో ఆ కొస దొరకదు. ఓఫెర్ సైనిక కోర్టు రమల్లా దగ్గర పోర్టబుల్ క్యాబిన్లలో నడుస్తుంది. అడ్మినిస్ట్రేటివ్ డిటెన్షన్ (విచారణ లేని నిర్బంధం) వాయిదాలు మూసిన తలుపుల వెనక జరుగుతాయి. ఫైలు రెండు భాగాలు. వకీలుకి ఇచ్చేది ఒకటి రెండు వాక్యాల సారాంశం, సాధారణంగా ఫలానా సంస్థ కార్యకర్త అనీ, బయటుంటే ఈ ప్రాంత భద్రతకు ముప్పు అనీ. అల్లాన్ మీద ఆరోపణ ఇస్లామిక్ జిహాద్ అనే పాలస్తీనా సాయుధ సంస్థతో సంబంధం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అని వకీలు అడిగితే ప్రాసిక్యూటర్ జవాబు ఒకటే, రహస్య భాగంలో ఉంది. అప్పుడు డిటెన్యూనీ వకీలునీ బయటికి పంపి, జడ్జి ఆ భాగాన్ని ప్రాసిక్యూషన్ సమక్షంలో చూస్తాడు. డిటెన్యూ తరఫున ప్రశ్నించేవాళ్లు లేరు కాబట్టి జడ్జే ఆ పాత్ర కూడా పోషించి ఫైలుని నిలదీయాలని అక్కడి సుప్రీంకోర్టు తన తీర్పుల్లో చెప్పింది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ రోజు తను హైఫాలో చెల్లెలి పెళ్లిలో ఉన్నానో, ఆసుపత్రిలో ఉన్నానో డిటెన్యూకి తెలుస్తుంది గాని జడ్జికి తెలియదు. ఇన్‌ఫార్మర్‌కి డిటెన్యూతో పొలం గట్టు తగాదా ఉందేమో ఊరివాడు చెప్పాలి. ఫైలుని చూసి ఫైలుని ప్రశ్నిస్తే ఫైలే జవాబు చెప్తుంది.

మన సుప్రీంకోర్టు 2023లో మీడియావన్ కేసులో సీల్డు కవరు పద్ధతిని (సాక్ష్యాన్ని కవరులో మూసి జడ్జికి మాత్రమే ఇవ్వడం) తప్పుపట్టిన కారణాలు ఇంచుమించు ఇవే. జూనియర్లు ఆ తీర్పునీ దీన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే మంచిది.

ఆసుపత్రిలో

అల్లాన్ దీక్ష సాగుతుండగానే, 2015 జులై 30న, ఇజ్రాయెల్ పార్లమెంటు ఒక చట్టం పాస్ చేసింది. నిరాహార దీక్షలో ఉన్న ఖైదీ ప్రాణానికి ప్రమాదం ఉంటే జిల్లా కోర్టు అనుమతితో బలవంతంగా ఆహారం ఎక్కించొచ్చు. అనుకూలంగా 46, వ్యతిరేకంగా 40. దాన్ని మొదట ప్రయోగించేది అల్లాన్ మీదేనని అందరూ అనుకున్నారు. అతను బీర్షెబాలోని సోరోకా ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడి డాక్టర్లు ఒప్పుకోలేదు. ఆగస్టు 10న అష్కెలోన్‌లోని బార్జిలై ఆసుపత్రికి మార్చారు, అక్కడా ఒప్పుకోలేదు. ఇజ్రాయెల్ మెడికల్ అసోసియేషన్ ఈ చట్టాన్ని మొదట్నుంచీ వ్యతిరేకించింది. స్పృహలో ఉండి వద్దన్న మనిషికి గొట్టం పెట్టడం వైద్యనీతికి విరుద్ధమని ప్రపంచ వైద్య సంఘం 1991 నాటి మాల్టా ప్రకటనలో ఉంది. వాళ్లు నిలబడింది దాని మీద.

ఈ కేసులో సంస్థలేవైనా తమ పని తాము చేశాయంటే అవి ఆసుపత్రులే. డాక్టర్లు పాలస్తీనా పక్షం వహించలేదు. తమ వృత్తి నియమాన్ని పట్టుకుని కూర్చున్నారు, అంతే. సైనిక జడ్జీలు తమ వృత్తి నియమాన్ని ఇంతే మొండిగా పట్టుకుని ఉంటే అల్లాన్ ఆసుపత్రి దాకా వచ్చేవాడే కాదేమో.

స్పృహ తప్పాక మాటే వేరు. అప్పుడు సెలైన్, లవణాలు, వెంటిలేటర్. ఆగస్టు 18న కళ్లు తెరిచాడు. తెరిచి, ఇరవైనాలుగు గంటల్లో తేల్చకపోతే చికిత్స కూడా వద్దంటానని చెప్పాడు. అంతకుముందు రోజు ప్రభుత్వం ఒక బేరం పెట్టింది, నాలుగేళ్లు దేశం విడిచి వెళ్తే వదిలేస్తామని. అతని వకీలు తిరస్కరించాడు. నవంబరు మొదట్లో గడువు తీరాక పొడిగించం, దీక్ష ఆపమన్నది ఇంకో బేరం. ఇక్కడ ఆగి ఆలోచించాలి. దేశ భద్రతకు తక్షణ ముప్పు అని రహస్య ఫైలులో రాసుకున్న మనిషిని విదేశానికి పంపడానికీ, రెండున్నర నెలల్లో వదలడానికీ ప్రభుత్వం సిద్ధంగా ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరకని సంగతి బేరంలో బయటపడింది.

ఆగస్టు 19 ఉత్తర్వు

ఆ రోజు ఎంఆర్ఐలో మెదడుకి దెబ్బ తగిలినట్టు తేలింది. నష్టం కోలుకోలేనిదైతే వదిలేస్తామని ప్రభుత్వమే కోర్టుకి చెప్పింది. ఎల్యాకిం రూబిన్‌స్టీన్ నేతృత్వంలోని ముగ్గురు జడ్జీల బెంచి సాయంత్రానికి ఉత్తర్వు ఇచ్చింది. సారం ఏమిటంటే, ఈ స్థితిలో ఇతని వల్ల ప్రమాదం లేదు కాబట్టి నిర్బంధాన్ని సస్పెండ్ చేస్తున్నాం. ఆసుపత్రిలోనే ఉంటాడు, ఖైదీగా కాదు రోగిగా. కుటుంబం వచ్చి చూడొచ్చు. ఆరోగ్యం బాగుపడ్డాక ఇంకో ఆసుపత్రికి మారాలంటే అధికారుల్ని అడగాలి, కుదరకపోతే కోర్టుకి రావాలి.

రద్దు చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో ఊహించడం కష్టం కాదు. రద్దు చెయ్యాలంటే ఉత్తర్వు తప్పని చెప్పాలి, తప్పని చెప్పాలంటే ఫైలులోని సాక్ష్యం చాలదనాలి. సస్పెన్షన్‌కి ఆ బాధ లేదు. ఫైలు నిజమే, కానీ మనిషి పాడయ్యాడు కాబట్టి ఫైలుతో పని లేదు. న్యాయశాస్త్రం ప్రకారం చూస్తే ఇందులో తప్పు లేదు, ముందస్తు నిర్బంధానికి పునాది భవిష్యత్తు ప్రమాదం, మంచం మీద కదల్లేనివాడి వల్ల ప్రమాదం ఉండదు. ఆచరణలో చూస్తే మాత్రం దీనర్థం భయంకరం. డిటెన్యూ సాక్ష్యంగా పెట్టగలిగిందల్లా తన శరీర నాశనమే అని కోర్టు చెప్పకనే చెప్పింది. ఎంత నాశనమైతే చాలునో కూడా చెప్పింది, స్కానులో కనబడేంత.

అందుకే సెప్టెంబరు 16న మళ్లీ అరెస్టు చెయ్యడాన్ని నేను కోర్టు ధిక్కారం అనను. ఉత్తర్వులోని తర్కం నుంచే అది పుట్టింది. బాగుపడ్డాడా? అయితే ప్రమాదం తిరిగొచ్చింది. అల్లాన్ మళ్లీ తిండి మానేసి, రెండు రోజుల్లో విరమించాడు. నవంబరులో గడువు తీరాక పొడిగించలేదు.

ఈ ఉచ్చును బాగా అర్థం చేసుకున్నవాడు జర్నలిస్టు మహమ్మద్ అల్ ఖీఖ్. అదే ఏడాది నవంబరులో అరెస్టయి దీక్ష మొదలుపెట్టాడు. 2016 ఫిబ్రవరి 4న కోర్టు అతనికీ సస్పెన్షన్ ఇస్తే, నాకిది వద్దు, విడుదల కావాలి అన్నాడు. ఇంకో మూడు వారాలు తినలేదు. మే 21న వదులుతామని, పొడిగించమని ఒప్పందం రాసుకున్నాకే ఆపాడు. వకీలుగా నేనైతే సస్పెన్షన్ తీసుకోమనే చెప్పేవాణ్ణి. అతని లెక్కే సరైనదని తేలింది. 2016 సెప్టెంబరులో బలవంతపు ఆహారం చట్టం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ మార్గం ఎక్కడ మూసుకుపోతుందో చూపించినది ఖాదర్ అద్నాన్ కేసు. జెనిన్ దగ్గర అర్రాబాకి చెందిన బేకరీ యజమాని, ఇస్లామిక్ జిహాద్ ప్రతినిధి. 2011–12లో 66 రోజుల దీక్షతో నిర్బంధం పొడిగించకుండా చేయించుకుని, ఈ పద్ధతికి దారి వేసింది ఆయనే. 2023 ఫిబ్రవరి 5న చివరిసారి అరెస్టు చేసినప్పుడు నిర్బంధ ఉత్తర్వు కాదు, చార్జిషీటు వేశారు. సంస్థ సభ్యత్వం, రెచ్చగొట్టడం వగైరా. విచారణ ఖైదీ కాబట్టి ప్రశ్న బెయిలుకి మారిపోయింది. ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్ ఇజ్రాయెల్ తరఫున వెళ్లి చూసిన డాక్టరు చావు దగ్గర్లో ఉందని, ఆసుపత్రికి మార్చమని రాసిచ్చారు. పరీక్షలకి ఆయన ఒప్పుకోవడం లేదని జైలు శాఖ అంది. మే 2 తెల్లవారుజామున రమ్లాలోని జైలు గదిలో అచేతనంగా దొరికాడు, బతకలేదు. దీక్ష 80 రోజులు దాటింది.

2023 అక్టోబరు తర్వాత

అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా గాజాకి తీసుకెళ్లారు. ఆ తర్వాత అరెస్టుల సంఖ్య చూస్తే పై కేసులన్నీ వేరే కాలానివి అనిపిస్తాయి. అల్లాన్ నాటికి విచారణ లేని నిర్బంధితులు వందల్లో ఉండేవారు. ఇజ్రాయెల్ మానవ హక్కుల సంస్థ బెత్సెలెం లెక్క ప్రకారం యుద్ధానికి ముందు ఇజ్రాయెల్ జైళ్లలో ఉన్న పాలస్తీనీయులు 5,192, అందులో అడ్మినిస్ట్రేటివ్ డిటెన్షన్ కింద 1,319. 2024 జులై మొదటికి మొత్తం 9,623 అయింది, విచారణ లేకుండా ఉన్నవాళ్లు 4,781. జడ్జీల సంఖ్య ఆ లెక్కన పెరగలేదు. వాయిదాలు వీడియోలోకి వెళ్లాయి. ఇంతమంది రహస్య ఫైళ్లని ఎవరు ఎంతసేపు నిలదీస్తారు?

గాజావాళ్లకి 1651 కూడా లేదు. వాళ్ల మీద వాడేది 2002 నాటి 'చట్టవిరుద్ధ పోరాటగాళ్ల' నిర్బంధ చట్టం. 2023 డిసెంబరు సవరణతో ఉత్తర్వు లేకుండానే 45 రోజులు ఉంచొచ్చు, జడ్జి ముందుకి 75 రోజుల్లో తెస్తే చాలు. తర్వాత ఆ గడువులు కొంత తగ్గించారు. పర్మిట్ మీద ఇజ్రాయెల్‌లో కూలిపని చేసుకుంటున్న గాజా మనుషుల్ని, పర్మిట్లు రద్దుచేసి వేలల్లో పట్టుకుని, 2023 నవంబరు మొదట్లో సరిహద్దు దగ్గర దించేశారు. స్దే తెయ్‌మాన్ సైనిక స్థావరంలో కళ్లకి గంతలు, చేతులకి బేడీలతో మనుషుల్ని ఉంచిన సంగతి 2024లో బయటికొచ్చింది. ఒక ఖైదీని హింసించారన్న కేసులో రిజర్వు సైనికుల్ని జులైలో పట్టుకుంటే, వాళ్లకి మద్దతుగా జనం స్థావరంలోకి చొరబడ్డారు, వాళ్లలో ఎంపీలూ ఉన్నారు.

జైళ్లలో ఏం మారిందో చెప్పాలంటే తీసేసినవి చెప్తే సరిపోతుంది. ములాఖత్‌లు ఆగాయి. రెడ్‌క్రాస్‌ని రానివ్వలేదు. క్యాంటీన్ మూసేశారు, టీవీ, రేడియో, వేడినీళ్ల కెటిల్ తీసుకెళ్లారు. మనిషికి నాలుగున్నర చదరపు మీటర్లు ఇవ్వాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన కొలత అత్యవసర సవరణతో పక్కకి పోయింది, నేల మీద పరుపులు వచ్చాయి. గజ్జి వ్యాపించింది, ముఖ్యంగా కెట్జియోత్, మెగిద్దో జైళ్లలో. భద్రతా ఖైదీలకి కనీసం తప్ప ఏమీ దక్కకుండా చేశానని జైళ్ల శాఖ చూసే మంత్రి ఇతమార్ బెన్ గ్విర్ బాహాటంగానే చెప్పుకున్నాడు. 2025 మార్చిలో మెగిద్దోలో సిల్వాద్ ఊరి కుర్రాడు, పదిహేడేళ్లవాడు, చనిపోయాడు. శవపరీక్షలో బయటపడినవి తీవ్రమైన పోషకాహార లోపం, పేగుల వాపు, గజ్జి. అతను విచారణ ఖైదీ, కేసు తేలనే లేదు. 2023 అక్టోబరు నుంచి 2025 నవంబరు దాకా కనీసం 98 మంది నిర్బంధంలో చనిపోయారని ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్ ఇజ్రాయెల్ లెక్క తేల్చింది. హింస, ఆకలి ఆరోపణల్ని జైలు శాఖ ఒప్పుకోదు, అంతా చట్టప్రకారమే అంటుంది.

అల్లాన్ కేసుతో దీనికున్న ముడి ఇక్కడుంది. నిరాహార దీక్ష పనిచెయ్యాలంటే పళ్లెంలోకి తిండి రావాలి, దాన్ని తోసేసిన సంగతి బయటికి తెలియాలి, ఒక డాక్టరు వచ్చి నాడి చూడాలి, ఎంఆర్ఐ దాకా తీసుకెళ్లాలి, కుటుంబం ఆసుపత్రి గేటు ముందు కూర్చోవాలి. ఇవన్నీ ఒకేసారి పోయాయి. అందరి బరువూ తగ్గుతున్న జైల్లో ఎవరు తినడం మానేశారో ఎవరికి తెలుస్తుంది?

తిండి విషయం వేరే రిట్‌గా కోర్టుకెక్కింది. 2024 ఏప్రిల్‌లో అసోసియేషన్ ఫర్ సివిల్ రైట్స్ ఇన్ ఇజ్రాయెల్ వేసిన పిటిషన్ మీద 2025 సెప్టెంబరు 7న తీర్పు వచ్చింది. జడ్జీలు దఫ్నా బరక్ ఎరెజ్, ఓఫెర్ గ్రోస్‌కోఫ్ ఒకవైపు, డేవిడ్ మింట్జ్ వేరుగా. ఖైదీలకి చట్టం చెప్పినంత తిండి అందుతోందనడానికి గట్టి అనుమానాలున్నాయి, సరిపడా పెట్టే బాధ్యత ప్రభుత్వానిదే అని మెజారిటీ చెప్పింది. మంచి తీర్పు. పిటిషన్‌కీ తీర్పుకీ మధ్య పదిహేడు నెలలు గడిచాయని కూడా రాసుకోవాలి.

ఇక్కడ వకీళ్లకి ఒక పని మిగిలిందని నా అభిప్రాయం. నిర్బంధం మీద రిట్ ఒక దారిలో, పరిస్థితుల మీద రిట్ ఇంకో దారిలో నడుస్తాయి, ఒకదాని ఫైలు రెండోదాని బెంచి ముందుకి రాదు. అల్లాన్ ఉత్తర్వులో మాత్రం రెండూ అనుకోకుండా కలిశాయి: శరీరస్థితి నిర్బంధపు చెల్లుబాటులో భాగమైంది. ఆ తర్కాన్ని తిరగేసి వాదించొచ్చు. విచారణ లేకుండా ఉంచడం శిక్ష కాదన్నది ప్రభుత్వం మాటే కదా, అలాంటప్పుడు ఆకలీ గజ్జీ చేరిన నిర్బంధం శిక్షగా మారిపోయింది, కాబట్టి ఉత్తర్వే నిలవదు. మనిషి మంచం పట్టకముందే వెయ్యాల్సిన వాదన ఇది. మన పీడీ యాక్టు రిట్లలో కూడా జైలు ఆసుపత్రి రికార్డుని హెబియస్ కార్పస్‌కి జతపరచడం చాలామంది చెయ్యరు, చెయ్యాలి.

2025 అక్టోబరు 13న కాల్పుల విరమణ ఒప్పందం కింద సుమారు 250 మంది దీర్ఘకాల ఖైదీలతో పాటు, యుద్ధంలో గాజా నుంచి పట్టుకెళ్లిన 1,700 మందిని వదిలారు. ఆ 1,700 మంది మీద ఏ నేరమూ మోపలేదు. కోర్టు చూసి వదిలింది కాదు, జాబితాలో పేరుంది కాబట్టి వచ్చారు. గాజాలోని కమల్ అద్వాన్ ఆసుపత్రి డైరెక్టరు, పిల్లల డాక్టరు హుసామ్ అబూ సఫియా పేరు అందులో లేదు. 2024 డిసెంబరు 27న ఆసుపత్రి దగ్గరే పట్టుకెళ్లారు, అదే 2002 చట్టం కింద ఉంచారు. మిగతావాళ్లు విడుదలైన ఆ అక్టోబరులోనే ఆయన నిర్బంధాన్ని ఇంకో ఆరు నెలలు పొడిగించారు.